ఒక్క మనిషికి 'దే' ఏంది అంటారా, మనం రోజూ అనేదే

పోయిన నెల ఒక సాయంత్రం మా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని పోయిన పిల్లోడు ఒకడు ఇంటికొచ్చినాడు. పాకాల పక్కన పల్లె, డిగ్రీ తిరుపతిలోనే, ఇప్పుడు ఒక కంపెనీలో ఉద్యోగం, ఇంటి నుంచే పని, క్లయింట్లు అమెరికాలో. మొహం బాగా వాడిపోయి ఉంది. కూర్చోకముందే ఫోన్ తీసి ఒక మెయిల్ చూపించి "మేడమ్, ఇక్కడ చూడండి, పేరు కింద 'దే, దెమ్' అని రాసుండారు, ఇదేమన్నా డిగ్రీనా, డిపార్ట్‌మెంట్ పేరా?" అని అడిగినాడు.

జరిగింది ఏమంటే, ఆ క్లయింట్ వైపు మనిషి గురించి వీడు తన టీమ్‌కి ఒక మెయిల్ రాసినాడు, "హి సెడ్ హి విల్ సెండ్ ద ఫైల్ టుమారో" అని, ఆ మెయిల్ కాపీలో ఆ మనిషి కూడా ఉండారు. గంట తర్వాత మేనేజర్ విడిగా మెసేజ్ పెట్టి "సిగ్నేచర్‌లో ప్రొనౌన్స్ ఉన్నాయి కదా, చూసుకోవాలి కదా" అని ఊరకున్నారంట. ప్రొనౌన్స్ అంటే హి, షి, దే లాంటి సర్వనామాలు. ఏం చూసుకోవాలో చెప్పలా. రెండు రోజులుగా వీడికి నిద్ర లేదు, ఉద్యోగం ఊడుతుందేమో అని భయం. "టెన్స్ కరెక్టే కదా మేడమ్, నా వాక్యంలో తప్పేముంది?" అంటే నాకు ప్రాణం ఉసూరుమనింది, ఎందుకంటే ఇన్నేళ్ళుగా పిలకాయలకి టెన్సులు చెప్పినా, ఆర్టికల్స్ చెప్పినా, ఇది మాత్రం ఒక్క క్లాసు కూడా చెప్పలేదు. అందుకే ఆ రోజు వాడికి చెప్పిందీ, తర్వాత కూర్చుని ఆలోచించుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తా ఉండా, ఉద్యోగాల్లో కొత్తగా చేరే మన పిలకాయలకి పనికొస్తుంది.

నేను కాఫీ కలిపే లోపల ఒక పని చెయ్ అని వాడికొక తెలుగు వాక్యం ఇచ్చినా, ఇంగ్లీషులో చెప్పమని. "ఇందాక ఎవరో బెల్లు కొట్టినారు, నేను తలుపు తీసే లోపల వెళ్ళిపోయినారు, గొడుగు మర్చిపోయినారు." వాడు టక్కున చెప్పినాడు, "సమ్‌బడీ ర్యాంగ్ ద బెల్, హి లెఫ్ట్, హి ఫర్గాట్ హిజ్ అంబ్రెల్లా" అని. నేనడిగినా, వచ్చింది మగమనిషి అని నీకెవరు చెప్పినారు? బిత్తరపోయినాడు. సరే, తెలుగులో నేను 'వెళ్ళిపోయినారు' అన్నా కదా, ఎంతమంది వచ్చినారనుకున్నావు? "ఒకరే మేడమ్." ఒకరే అయితే 'వెళ్ళిపోయినాడు' అనకుండా ఆ 'రు' ఎందుకు వచ్చింది? కాసేపు గ్లాసు వంక చూసి "ఎవరో ఏమో తెలీదు కదా మేడమ్, అందుకని" అన్నాడు.

ఆ జవాబులోనే సగం పాఠం అయిపోయింది. మనిషి ఒక్కరే, కానీ ఆడో మగో తెలీదు, కాబట్టి మన నోరు దానంతటదే బహువచనంలోకి పోతుంది. ఇంగ్లీషు వాళ్ళు కూడా సరిగ్గా ఇదే చేస్తారు, "సమ్‌బడీ ర్యాంగ్ ద బెల్, దే లెఫ్ట్, దే ఫర్గాట్ దెయిర్ అంబ్రెల్లా" అంటారు. ఇక్కడ 'దే' అంటే పదిమంది కాదు, గొడుగు మర్చిపోయిన ఆ ఒక్కరే. దీన్నే సింగ్యులర్ దే అంటారు, అంటే ఏకవచనంలో వాడే 'దే'.

మన తెలుగు ఈ పని ఎంత బాగా చేస్తుందో మనకే పట్టదు. 'మావారు వచ్చినారు' అంటుంది ఒకామె, ఎంతమంది మొగుళ్ళమ్మా అని ఎవరైనా అడుగుతారా? ఆ 'వారు' అనే మాటే బహువచనం. 'డాక్టర్ గారు ఇంకా రాలేదా', 'కలెక్టర్ వస్తా ఉండారంట', ఈ మాటల్లో ఆ డాక్టర్ ఆడమనిషో మగమనిషో ఎవరికీ తెలీదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా, పలమనేరు దాటి ముళబాగిలు వైపు పోతే కన్నడంలో 'అవరు బందరు' అంటారు, చిత్తూరు దాటి కాట్పాడి పక్క పోతే అరవంలో 'అవర్ వందార్' అంటారు, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా మర్యాదగా అదే మాట. ముగ్గురికీ అలవాటైన పద్ధతి ఇంగ్లీషులో కనపడేసరికి మాత్రం మనకి వింతగా ఉంది, అదీ ఆశ్చర్యం.

ఇక్కడ ఒక తేడా మాత్రం బాగా అర్థం చేసుకోవాల. తెలుగులో ఆడా మగా అనేది క్రియ తోకలో ఉంటుంది. వచ్చినాడు, వచ్చింది, వచ్చినారు, ఈ 'డు, ది, రు' లోనే అంతా తెలిసిపోతుంది, సర్వనామం చెప్పకపోయినా పర్వాలేదు. ఇంగ్లీషులో క్రియకి ఆ తోక లేదు, 'కేమ్' అంటే ఎవరొచ్చినా 'కేమ్' యే. అందుకని బరువంతా పోయి 'హి, షి' అనే చిన్న మాటల మీద పడుతుంది, వాళ్ళు సర్వనామం లేకుండా వాక్యం నడపలేరు కూడా. హిందీ అయితే మన పక్కే, 'వో' అంటే ఆమే కావచ్చు అతనే కావచ్చు, 'ఆయా, ఆయీ' అనే దగ్గర బయటపడుతుంది. బెంగాలీలో అయితే సర్వనామంలోనూ లేదు క్రియలోనూ లేదు, ఆ గొడవే లేదు.

ఇంకో చిన్న విషయం, నేను కూడా ఈ మధ్యనే గమనించినా. జరగలేదు అని తెలుగులో 'లేదు' పెట్టి చెప్పేటప్పుడు ఈ తోక మాయమైపోతుంది. వాడు రాలేదు, ఆమె రాలేదు, వాళ్ళు రాలేదు, అన్నిటికీ అదే 'రాలేదు'. రావాల, రావచ్చు, రాకూడదు, వీటిల్లో కూడా అంతే. అంటే మన భాషలో ఆడా మగా చెప్పకుండా మాట్లాడే సందులు చాలానే ఉండాయి, ఈ సంగతి చివర్లో మళ్ళీ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

'దే' ఏకవచనంలో వాడటం నిన్నో మొన్నో పుట్టిన ఫ్యాషన్ అని చాలామంది అంటా ఉంటారు, అది నిజం కాదు. 14వ శతాబ్దం నుంచే రాతల్లో ఉంది. షేక్‌స్పియర్ వాడినాడు, జేన్ ఆస్టెన్ వాడింది. ఒక్కరికి బహువచనం గ్రామర్ తప్పు కదా అంటే, మరి 'యు' సంగతి ఏంది? పాత ఇంగ్లీషులో మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకీ రెండు ఉండేవి, నువ్వుకి 'దౌ', మీరుకి 'యు'. మర్యాద కోసం ఒక్కరిని కూడా 'యు' అనడం మొదలుపెట్టి, అది అందరికీ పాకి, చివరికి 'దౌ' అనేదే రోజువారీ మాటల్లోంచి పోయింది. అందుకే ఈ రోజుకీ ఎదురుగా ఒక్క మనిషి ఉన్నా 'యు ఆర్' అంటాం గానీ 'యు ఈజ్' అనం, ఆ 'ఆర్' పాత బహువచనం మిగిల్చిన గుర్తు. ఆ కాలంలో కూడా ఒప్పుకోని వాళ్ళు ఉండినారు, 17వ శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ వర్గం వాళ్ళు ఒక్కరిని 'యు' అనడం తప్పు అని పట్టుబట్టి 'దౌ, దీ' అనే మాట్లాడేవాళ్ళు. భాష వాళ్ళ మాట వినలేదు.

మరి మన స్కూల్లో 'ఎవ్రీ స్టూడెంట్ షుడ్ బ్రింగ్ హిజ్ బుక్' అని ఎందుకు నేర్పినారు? 18, 19 శతాబ్దాల్లో గ్రామర్ పుస్తకాలు రాసినోళ్ళు ఒక్కరికి 'దే' వాడకూడదు, తెలీనప్పుడు 'హి' అంటే చాలు, అందులో ఆడవాళ్ళు కూడా వస్తారు అని రూల్ పెట్టినారు. 1850లో బ్రిటిష్ పార్లమెంట్ చట్టాల భాషకి దాన్ని ఖాయం చేసేసింది, అక్కడి నుంచి మనకీ దిగుమతి అయింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 8వ సెక్షన్‌లో 'హి' అంటే ఆడైనా మగైనా అని రాసి ఉండింది, 1897 జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్‌లో కూడా పుంలింగం మాటల్లో ఆడవాళ్ళు కలిసినట్టే అని ఉంది. రాజ్యాంగంలో రాష్ట్రపతి గురించి రాసిన చోటంతా 'హి' యే ఉంటుంది, 2007లో ప్రతిభా పాటిల్ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడూ అదే, 2022లో ద్రౌపది ముర్ము వచ్చిన తర్వాతా అదే. తెలుగులో 'రాష్ట్రపతి ప్రమాణం చేశారు' అని రాసేస్తే ఏ ఇబ్బందీ లేదు చూడండి. ఆ పీనల్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మాత్రం ఒక మాట పెరిగింది, 'హి' అంటే మగ, ఆడ, లేదా ట్రాన్స్‌జెండర్ ఎవరైనా అని. మాట అదే 'హి', దాని కిందకి వచ్చే మనుషులు పెరిగినారు.

నా మట్టుకు నాకు ఈ 'హి లో అందరూ వస్తారు' అనేది ఎప్పుడూ మింగుడుపడలేదు. నేను పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదువుకున్నా, అక్కడ క్లాసు నిండా ఆడపిల్లలమే, అయినా పుస్తకంలో 'ఎ సైంటిస్ట్... హి', 'ఎ జడ్జ్... హి', 'ఎ నర్స్... షి'. ఆ 'హి' చదివేటప్పుడు మా ఎవరి కళ్ళ ముందూ ఆడమనిషి బొమ్మ రాలేదు. రూల్ కాగితం మీద ఉంటుంది, బొమ్మ తలలో ఉంటుంది, రెండూ ఒకటి కాదు.

దీనికి కొత్త మాట కనిపెడదామని ఎంతోమంది ప్రయత్నం చేసినారు. 19వ శతాబ్దంలో అమెరికాలో చార్లెస్ కన్వర్స్ అనే ఆయన 'దట్ వన్' ని కలిపి 'థాన్' అని తయారుచేసినాడు, 1934 మెరియం వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో చోటు కూడా దొరికింది, ఎవరూ వాడకపోతే 1961లో తీసేసినారు. 'జీ, హిర్' లాంటివి ఇప్పటికీ కొంతమంది వాడుకుంటా ఉండారు, ఎవరైనా అది కావాలంటే అదే వాడాల, కానీ మన పిలకాయలకి రోజూ తగిలేది మాత్రం 'దే' యే. స్వీడన్ వాళ్ళు 'హెన్' అనే మాటని 2015లో తమ అకాడమీ పదకోశంలో చేర్చుకున్నారు, అది నిలబడింది. ఇంగ్లీషులో నిలబడింది మాత్రం కొత్తగా చేసిన మాట కాదు, జనం నోట్లో అప్పటికే ఉన్న పాత 'దే'. 2017లో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ స్టైల్‌బుక్ అవసరమైన చోట ఒప్పుకుంది, 2019లో అమెరికా సైకాలజీ వాళ్ళ ఏపీఏ మాన్యువల్ ఏడో ఎడిషన్ వాడమనే చెప్పింది, అదే ఏడాది మెరియం వెబ్‌స్టర్ వాళ్ళు 'దే' ని ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు. క్రికెట్ చూసేవాళ్ళకి ఇంకో ఉదాహరణ, 2021లో క్రికెట్ రూల్స్ రాసే ఎంసీసీ క్లబ్ తన రూల్స్‌లో 'బ్యాట్స్‌మన్' తీసేసి 'బ్యాటర్' పెట్టింది, మొదట్లో చెవికి ఎబ్బెట్టుగా ఉండింది, ఇప్పుడు మన తెలుగు పేపర్లలోనే 'బ్యాటర్' అని రాస్తా ఉండారు.

ఇప్పుడు అసలు చిక్కు. సింగ్యులర్ దే కి రెండు వాడకాలు ఉండాయి, ఈ రెండింటినీ కలిపేయడం వల్లే గందరగోళం అంతా. ఒకటి ఇందాకటి గొడుగు మనిషి, ఎవరో తెలీదు, లేదా 'ఎవరైనా ఒక స్టూడెంట్' లాంటి మాట. దీని మీద ఇప్పుడు పెద్ద గొడవ ఏమీ లేదు. రెండోది, మనిషి తెలుసు, పేరు తెలుసు, రోజూ మాట్లాడతాం, కానీ ఆ మనిషి 'నా గురించి చెప్పేటప్పుడు హి వద్దు, షి వద్దు, దే అనండి' అని అడిగినారు. మా పిల్లోడి మెయిల్‌లో ఉన్నది ఈ రెండోది.

అలా ఎందుకు అడుగుతారు అంటే, కొంతమంది తాము మగ అనే గడిలోనూ ఇమడరు, ఆడ అనే గడిలోనూ ఇమడరు, అది వాళ్ళ లోపల వాళ్ళకి తెలిసిన సంగతి. ఇంగ్లీషులో వాళ్ళని నాన్ బైనరీ అంటారు. ఇక్కడ మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, ట్రాన్స్‌జెండర్ అంటే చాలు అందరికీ 'దే' అనుకోవడం. అది కాదు. పుట్టినప్పుడు మగబిడ్డ అని రాసినా తను ఆడమనిషిగా బతికే ట్రాన్స్ మహిళ మామూలుగా 'షి' అనే కోరుకుంటుంది, ఆమెని 'దే' అంటే ఆమె ఆడతనాన్ని ఒప్పుకోనట్టే అవుతుంది. ట్రాన్స్ పురుషుడికి 'హి'. 'దే' కావాలన్న వాళ్ళకి 'దే'. చూపుతో తేల్చే విషయం కాదు, వాళ్ళు చెప్పిందే లెక్క. మన సుప్రీంకోర్టు కూడా 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో మూడో జెండర్‌ని గుర్తించి, తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అని తేల్చింది.

మన ఊరికి ఇదేమీ అంతుపట్టని సంగతి కాదని నాకు గంగజాతర చూసినప్పుడల్లా అనిపిస్తుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి, మగవాళ్ళు చీర కట్టి, గాజులు వేసుకుని, తల నిండా పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఒక ఏడు మా వీధిలోనే చూసినా, ఎదురింటాయన పచ్చ చీర కట్టుకుని జడ వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు, పక్కింటి ముసలామె వచ్చి ఆయన నుదుటన కుంకుమ పెట్టి "చల్లగా చూడు తల్లీ" అని రెండు చేతులూ పట్టుకునింది. ఆ ముసలామె రోజూ ఆయన్ని పేరు పెట్టి "ఒరే" అని పిలిచే మనిషి. ఆ పూట ఒక్కసారి కూడా నోరు జారలేదు. వేషం వేరు, మనిషి ఉనికి వేరు, జాతర వేషం మర్నాటికి తీసేస్తారు, ఒక మనిషి తను ఎవరో అనేది అట్ల తీసేసేది కాదు, రెండింటినీ ఒకటి చెయ్యకూడదు. నేను చెప్పేది నోటి అలవాటు గురించి మాత్రమే, ఎదుటి మనిషి ఏమని నిలబడినారో దానికి తగ్గట్టు మాట మార్చుకోవడం మన ముసలామెకి ఒక్క క్షణం కూడా కష్టం కాలేదు.

సరే, వాడకానికి వద్దాం. 'దే' తో ఎప్పుడూ బహువచన క్రియే, ఒక్క మనిషైనా 'దే ఆర్', 'దే హ్యావ్'. 'దే ఈజ్' అనరాదు, 'యు ఈజ్' అననట్టే. పేరు చెప్పినప్పుడు మాత్రం మామూలు ఏకవచనం. "అలెక్స్ ఈజ్ ఆన్ లీవ్ టుడే, దే ఆర్ బ్యాక్ ఆన్ మండే." ఒకే మనిషి, పక్కపక్కనే ఈజ్, ఆర్, రెండూ కరెక్టే. మిగతావి దెమ్, దెయిర్, దెయిర్స్. 'తనంతట తాను' అనేదానికి 'దెమ్‌సెల్వ్స్' అనీ 'దెమ్‌సెల్ఫ్' అనీ రెండూ వాడతా ఉండారు, ఒక్క మనిషికి నాకు 'దెమ్‌సెల్ఫ్' బాగుంటుంది, ఆఫీసు రాతల్లో 'దెమ్‌సెల్వ్స్' అయితే ఎవరూ ఎర్ర గీత కొట్టరు.

అర్థం కలగాపులగం అయ్యే చోట్లు నిజంగానే ఉంటాయి. "అలెక్స్ మెట్ ద వెండర్స్ అండ్ దే సైన్డ్" అంటే సంతకం పెట్టింది అలెక్సా, వెండర్లా? దీనికి మందు చాలా తేలిక, ఇంకోసారి పేరు రాసేయడమే, "అలెక్స్ సైన్డ్". తెలుగులో మనం చేసేదీ అదే, 'వాళ్ళు వస్తా ఉండారు' అంటే 'ఎంతమందికి వండాల?' అని వంటింట్లోంచి అడుగుతారు, 'ఒక్కరే' అంటే సరిపోయింది, దానికోసం ఎవరూ 'వాళ్ళు' అనే మాటని మానెయ్యలేదు కదా.

మనవాళ్ళు ప్రత్యేకంగా పడే గుంత ఒకటుంది, ఇది ఏ గ్రామర్ పుస్తకంలోనూ కనపడలేదు గానీ నా క్లాసులో ఏడాదికి నలుగురైదుగురు పడతారు. తెలుగు 'వారు' లో మర్యాద ఉంది, ఇంగ్లీషు 'దే' లో మర్యాద లేదు. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, దే గెటప్ ఎట్ ఫోర్" అని రాస్తారు పిలకాయలు, నాన్నని 'హి' అనడానికి మనసొప్పక. ఇంగ్లీషులో 'హి' అంటే వాడు అని కాదు నాయనా, వాడు అతను ఆయన మూడూ అదే అని చెప్పుకోవాల్సి వస్తుంది. మేనేజర్ ఆడమనిషి, తన పేరు కింద 'షి, హర్' అని రాసుకునింది, నువ్వు గౌరవం కొద్దీ 'దే' అన్నావనుకో, అది గౌరవంగా చేరదు, ఆమె చెప్పింది నువ్వు చదవలేదనే చేరుతుంది. అలాగే 'ఇట్' ని మనిషికి ఎప్పుడూ వాడొద్దు. తెలుగులో ఆడపిల్లని ముద్దుగా 'అది ఇంకా నిద్ర లేవలా' అంటాం, క్రియ కూడా ఆమెకీ వస్తువుకీ ఒకటే, 'వచ్చింది'. ఆ అలవాటు కొద్దీ ఇంగ్లీషులో 'ఇట్' అంటే మాత్రం మనిషిని వస్తువు చేసినట్టే, ట్రాన్స్ మనుషుల మీద ఆ మాటని కావాలనే విసిరే వాళ్ళు ఉండారు కాబట్టి ఇంకా గాయం చేస్తుంది.

పేర్ల కింద 'షి, హర్' 'హి, హిమ్' అని మామూలు ఆడవాళ్ళు మగవాళ్ళు కూడా ఎందుకు రాసుకుంటారు, చూస్తే తెలీదా అని పిల్లోడు అడిగినాడు. ఎదురుగా ఉంటే 'యు' అంటే చాలు, ప్రొనౌన్‌తో పనే లేదు. మెయిల్‌లో మొహం ఉండదు, పేరే ఉంటుంది. చైతన్య, సాయి, తేజ, శశి, ఈ పేర్లతో మన దగ్గర అబ్బాయిలూ ఉండారు అమ్మాయిలూ ఉండారు, టెక్సస్‌లో కూర్చున్న మనిషికి ఏం తెలుస్తుంది? చైతన్య అనే పేరున్న అమ్మాయికి రోజూ 'మిస్టర్ చైతన్య' అని మెయిల్ వస్తే ఆమెకి ఎట్లుంటుందో, 'హి' వద్దన్న మనిషికి 'హి' అని చదువుకుంటే అట్లే ఉంటుంది, ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. పైగా అందరూ రాసుకుంటే 'దే' అని రాసుకున్న ఒక్కరు విడిగా కనపడరు.

తెలీనప్పుడు ఏం చెయ్యాల అంటే, పేరు వాడు, లేదా 'దే' వాడు, 'డియర్ సర్' బదులు 'హలో' పెట్టి పేరు రాయి. రోజూ కలిసి పని చేసే మనిషైతే విడిగా ఒక్క ముక్క అడగొచ్చు, "వాట్ ప్రొనౌన్స్ డు యు యూజ్?" అని, పదిమంది ముందు మాత్రం అడగొద్దు. ముందు నీది చెప్పి అడిగితే ఇంకా మేలు. నోరు జారితే "సారీ, దే" అని ఒక్క మాటతో సరిదిద్దుకుని వాక్యం పూర్తి చెయ్యి. చాలామంది ఇక్కడ సారీలు పది చెప్పి, నా ఉద్దేశం అది కాదు, మా వైపు ఇవన్నీ తెలీదు అని పురాణం మొదలుపెడతారు, అప్పుడు ఆ మనిషే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఇందులో తెలుగు వైపు తేలని చిక్కు ఒకటుంది, అది కూడా చెప్పాల. మన దగ్గర కూడా 'దే' అని కోరుకునే పిలకాయలు ఉండారు, వాళ్ళ గురించి తెలుగులో ఎట్ల మాట్లాడాల? 'వాళ్ళు వచ్చినారు', 'తను చెప్పినారు' అని 'రు' తోక పెడితే సరిపోతుంది, భాషకి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది దగ్గరితనంలో వస్తుంది. స్నేహితుల మధ్య 'వాడు వస్తాడులే', 'అది అంతేలే' అనే మాటల్లో ఉన్న చనువు 'వారు వస్తారులే' లో ఎక్కడుంది? గుంపులో అందరూ ఒకరినొకరు 'డు, ది' అనుకుంటా ఒక్కరిని మాత్రం 'రు' అంటే మర్యాద ఇచ్చి దూరంగా కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నాకు తెలిసిన ఒక స్నేహబృందం దీనికి వాళ్ళంతట వాళ్ళే ఒక దారి చూసుకున్నారు, పేరు వాడతారు, 'రాలేదు, రావాల, తినలా' లాంటి తోక లేని మాటలు ఎక్కువ వాడతారు, తప్పని చోట 'రు' అంటారు, అది కూడా గారాబంగా సాగదీసి, చనువు పోకుండా. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సందులు ఇవే. రూల్ అంటూ ఎవరూ పెట్టలేదు, ఆ మనిషినే అడిగి కుదుర్చుకున్నారు, నాకు అదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

ఆ రోజు కాఫీ చల్లారిపోయే దాకా ఇవన్నీ మాట్లాడి, చివరికి ఇద్దరం కూర్చుని ఆ క్లయింట్‌కి మెయిల్ రాసినాం. వాడు మొదట పన్నెండు లైన్లు రాసినాడు, తిరుపతి, చదువు, కుటుంబం అన్నీ పెట్టినాడు. అన్నీ తీసేయించి రెండు లైన్లు ఉంచినా, మొన్నటి మెయిల్‌లో ప్రొనౌన్ తప్పు రాసినాను, క్షమించండి, ఇకనుంచి సరిగ్గా రాస్తాను, ఫైల్ కోసం ఎదురుచూస్తా ఉండాను, అంతే. టీమ్ మెయిల్‌లో కూడా దిద్ది మళ్ళీ పంపినాడు, "దే సెడ్ దే విల్ సెండ్ ద ఫైల్ టుమారో." పంపే ముందు 'విల్' కి తోక మారదు కదా మేడమ్ అని ఒకసారి అడిగి చూసుకున్నాడు.

రాత్రి తొమ్మిదింటికి, వాడింకా బస్టాండుకి బయలుదేరకముందే, జవాబు వచ్చింది, థ్యాంక్స్ అని ఒక లైను, కింద ఫైలు. వాడు మెట్లు దిగతా వాళ్ళమ్మకి ఫోన్ చేసినాడు, నాకు పైకి వినపడతా ఉంది. "ఏమీ లేదుమా, ఊరికే భయపడినా. వాళ్ళు ఏమీ అనుకోలేదంట. మంచోళ్ళే."